క్లాన్ లీడర్ మాటే చట్టమా? వార్ లీగ్ బోనస్‌ల పంపకం మీద ఒక ప్రశ్న

కోనసీమ_క్లాషర్

మాది క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే మొబైల్ ఆటలో అందరూ తెలుగువాళ్లే ఉన్న క్లాన్, అంటే ఆటగాళ్ల జట్టు. అమలాపురంలో మొదలై ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు, డల్లాస్, మెల్‌బోర్న్ దాకా పాకింది. 50 స్థానాలూ ఎప్పుడూ నిండే ఉంటాయి. గొడవంతా క్లాన్ వార్ లీగ్ ముగిశాక పంచే బోనస్ మెడల్స్ దగ్గర వచ్చింది. ఆడనివారి కోసం కొంచెం వివరిస్తాను. నెలకొకసారి 8 క్లాన్‌లు ఒక గుంపుగా చేరి 7 రోజులు వరుసగా యుద్ధాలు చేస్తాయి, జాబితాలో ఉన్న ఒక్కొక్కరికి రోజుకు ఒకే దాడి ఉంటుంది, చివరికి అందరికీ వచ్చే మెడల్స్ కాక కొందరికి మాత్రం అదనంగా బోనస్ దక్కుతుంది. ఎంతమందికి ఇవ్వాలన్నది క్లాన్ ఉన్న లీగును, గెలిచిన యుద్ధాలను బట్టి ఆటే తేలుస్తుంది గానీ, ఎవరికి ఇవ్వాలన్నది లీడర్ ఇష్టం.

మా లీడర్ గత కొన్ని లీగులుగా ఆ బోనస్‌ను తన బావమరిదికి, తన ఆఫీసు స్నేహితులకు తప్ప మరొకరికి ఇవ్వడం లేదు. ఏడు దాడులూ చేసి, వాటితో తెచ్చిన నక్షత్రాల పట్టికలో పైన ఉన్నవారు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు. వాట్సాప్ గ్రూపులో అడిగితే, క్లాన్ పెట్టింది తానేననీ, నచ్చనివాళ్లకు దారి తెరిచే ఉందనీ జవాబు వచ్చింది. నా పక్షాన మాట్లాడిన కో-లీడర్‌ను మర్నాటికల్లా ఒక మెట్టు కిందనున్న ఎల్డర్‌గా దించేశారు.

వేలమంది ఉండే పెద్ద ఆటల్లో, పెద్ద అలయన్సుల్లో ఇలాంటివి ఎలా తేల్చుకుంటారో తెలిసినవారు చెప్పండి. ఓటింగ్ ఉంటుందా, రాసిపెట్టుకున్న నియమాలు ఉంటాయా, లీడర్‌ను దించే పద్ధతి ఏదైనా ఉందా?

నిశి_సంచారి

ఆయన మాటలో తప్పేముంది? క్లాన్ ఆయనదే, దారి తెరిచే ఉంది. నలుగురిని వెంటబెట్టుకుని కొత్త క్లాన్ పెట్టుకుంటే గొడవ తీరుతుంది.

ఓరుగల్లు_ఆర్చర్

నిశి_సంచారి గారు చెప్పినంత తేలిక కాదు. క్లాన్ స్థాయి పెరగడానికి ఏళ్లు పడుతుంది, దానితోపాటే వచ్చే సౌకర్యాలు ఉంటాయి, అందరూ కలిసి కట్టిన క్లాన్ క్యాపిటల్ అక్కడే ఉండిపోతుంది, వార్ లీగులో చేరుకున్న మెట్టు కూడా క్లాన్‌కే చెందుతుంది గానీ మనిషికి చెందదు. వెళ్లిపోయినవాడు తన ఊరిని మాత్రమే వెంట తీసుకుపోగలడు. వీటన్నింటికీ పదిమంది చెమట కారుస్తారు, తాళంచెవి మాత్రం ఒక్కరి దగ్గరే ఉంటుంది. అందుకే నచ్చకపోతే వెళ్లిపొమ్మనే మాట లీడర్ నోట అంత ధీమాగా వస్తుంది.

లెక్కల_మాస్టారు

పంపకం గొడవకు ఆన్‌లైన్ ఆటల్లో పాతికేళ్ల చరిత్ర ఉంది. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డ్‌వారు, అంటే మీ క్లాన్ వంటి జట్టువారు, డ్రాగన్ కిల్ పాయింట్లు అనే పద్ధతి తెచ్చారు, దాన్నే అందరూ డీకేపీ అంటారు. నాగఫెన్, వాక్స్ అనే రెండు డ్రాగన్లను చంపడానికి పెద్ద జట్టు కావాలి, దొరికే వస్తువులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందుకని వచ్చిన ప్రతివారికీ హాజరుకు పాయింట్లు రాసి, వస్తువు కావాల్సినవారు ఆ పాయింట్లు ఖర్చుపెట్టి తీసుకునే ఏర్పాటు చేశారు. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాక మోల్టెన్ కోర్ వంటి చోట్ల 40 మంది ఒకేసారి వెళ్లాల్సి రావడంతో ఈ పద్ధతి వేల గిల్డులకు పాకింది.

గమనించాల్సింది ఏమిటంటే ఈ పాయింట్లను ఆట ఇవ్వలేదు. ఆటగాళ్లే సొంత వెబ్‌సైట్లలో, ఎక్సెల్ పట్టికల్లో రాసుకున్నారు. కంపెనీకి ఏ సంబంధమూ లేని ఒక ద్రవ్యాన్ని సృష్టించి, దాన్ని అందరూ నమ్మేలా నడిపారు. నా గిల్డులో ఆ లెక్కలు రాసే పని నాదే కాబట్టి ఒక మాట నమ్మకంగా చెప్పగలను. పట్టిక అందరికీ కనబడుతున్నంత కాలం లీడర్ బంధువు ఎవరన్నది ఎవరూ పట్టించుకోరు. మీ క్లాన్‌లో లోపించింది ఓటింగ్ కాదు, అందరికీ కనబడే పట్టిక.

గోదారి_గట్టు

మాస్టారు రాక్షసుల గుహలోకి కూడా హాజరుపట్టీ తీసుకుపోయారని ఇప్పుడే తెలిసింది. ప్రాక్సీ హాజరు వేసేవారు అక్కడ కూడా ఉండేవారా?

లెక్కల_మాస్టారు

ఉండేవారు. పాత్రను గుహ ద్వారం దగ్గర నిలబెట్టి భోజనానికి వెళ్లిపోయేవారు. అందుకే హాజరుకు కొన్ని, బాస్ అనే పెద్ద రాక్షసుడు చచ్చినప్పుడు ఉన్నందుకు కొన్ని అని పాయింట్లను విడదీశాం.

రాయలసీమ_రోగ్

మాస్టారితో నేను ఏకీభవించలేను. డీకేపీ న్యాయంగా కనిపిస్తుంది, కానీ గిల్డును గెలిపించదు. నేను ఆడిన గిల్డులో ఒకాయన నెలల తరబడి పాయింట్లు ఖర్చుపెట్టకుండా దాచి, అందరికంటే ముందు దెబ్బలు కాచే ట్యాంక్‌కు అత్యవసరమైన డాలును, తాను వారానికొకసారి ఆడే రెండో పాత్ర కోసం పాడుకున్నాడు. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. ఆ తర్వాత చాలా వారాలు అదే బాస్ దగ్గర మేము చస్తూనే ఉన్నాం. అందుకే గట్టి గిల్డులు లూట్ కౌన్సిల్‌కు మారాయి. నలుగురైదుగురు ఆఫీసర్లు కూర్చుని, ఏ వస్తువు ఎవరి చేతిలో ఉంటే జట్టు మొత్తానికి మేలో ఆలోచించి ఇస్తారు. వివేచనకు చోటు ఉండాలి. అందువల్ల కోనసీమ_క్లాషర్ గారి లీడర్‌కు విచక్షణాధికారం ఉండటాన్ని నేను తప్పుపట్టను, ఆ విచక్షణ ఎప్పుడూ బావమరిది దగ్గరే ఆగిపోవడాన్ని తప్పుపడతాను.

లెక్కల_మాస్టారు

పాయింట్లు దాచేవారికి మందు అప్పుడే కనిపెట్టారు. వారం వారం ప్రతివారి పాయింట్లలో కొంత శాతం కోసేస్తే దాచడంలో లాభం ఉండదు. కౌన్సిల్ గురించి నా అనుభవం వేరు. ఆఫీసర్లు వివేచనతో ఇచ్చినా పుచ్చుకోనివారికి అది పక్షపాతంగానే కనిపిస్తుంది, దాన్ని కాదని నిరూపించే ఆధారం కౌన్సిల్ దగ్గర ఉండదు. 2018లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తయారీదారులు వస్తువును ఒకరి చేతితో పంచే మాస్టర్ లూట్ సదుపాయాన్నే తీసేశారు. 2022లో వచ్చిన డ్రాగన్‌ఫ్లైట్ అనే విస్తరణతో రెయిడ్లలో, అంటే పెద్ద జట్టు కలిసి చేసే దాడుల్లో, ఉమ్మడి పంపకం మళ్లీ తెచ్చారు. పంపకం గిల్డు చేతిలో ఉండాలా, యంత్రం చేతిలో ఉండాలా అన్నది తయారీదారులకే తేలలేదు.

డల్లాస్_పద్మజ

మూడో దారి ఒకటి ఉంది, అది మన తెలుగువాళ్లకు పుట్టుకతో తెలిసిన దారి. జీడీకేపీ అంటారు. వస్తువును పాయింట్లతో కాక ఆటలోని బంగారంతోనే వేలం వేస్తారు. గెలిచినవారు కట్టిన బంగారమంతా ఒక కుండలో చేరి, చివరికి వచ్చినవారందరికీ సమానంగా పంచబడుతుంది, నిర్వాహకుడు కొంత కమిషన్ తీసుకుంటాడు. వస్తువు దొరకనివారు కూడా ఖాళీ చేతులతో ఇంటికి పోరు. మా అత్తయ్యగారికి ఇది వివరిస్తే, ఇది చిట్టీ పాటే కదా అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అవసరమున్నవాడు ఎక్కువ వదులుకుని పాడుకుంటాడు, అతను వదులుకున్నది మిగిలినవారి మధ్య పంచబడుతుంది, నడిపేవాడి కమిషన్ నడిపేవాడికి పోతుంది.

అందులోని రోగం కూడా చిట్టీ రోగం వంటిదే. పాడుకునే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగరు. బయట అసలు డబ్బుకు బంగారం కొన్నవారు వచ్చి పాటలు పెంచేశారు. చివరికి 2024లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌కు చెందిన సీజన్ ఆఫ్ డిస్కవరీ సర్వర్లలో కంపెనీ ఈ పద్ధతినే నిషేధించింది. ఆటగాళ్లు తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందాన్ని కంపెనీ ఇంత సూటిగా రద్దు చేయడం అరుదు.

కోనసీమ_క్లాషర్

అందరికీ కృతజ్ఞతలు. అయితే మీరు చెప్పినవన్నీ పంపకం ఎలా జరగాలన్న దాని గురించి ఉన్నాయి. పంచేవాడు ఆ పద్ధతిని ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది నా బాధ.

శూన్య_సీమ

ఇప్పుడు అసలు ప్రశ్నకు వచ్చారు. ఈవ్ ఆన్‌లైన్ గురించి చెబుతాను. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోని సీసీపీ సంస్థ 2003లో దీన్ని విడుదల చేసింది. చైనా సర్వర్‌ను పక్కన పెడితే, ప్రపంచంలోని ఆటగాళ్లంతా ఒకే అంతరిక్షంలో ఉంటారు. ఆటగాళ్లు కార్పొరేషన్లుగా, కార్పొరేషన్లు అలయన్సులుగా చేరతాయి. ప్రతి కార్పొరేషన్‌కు సీఈఓ, డైరెక్టర్లు, వాటాలు ఉంటాయి. అలయన్సులో ఒక కార్పొరేషన్ కార్యనిర్వాహక స్థానంలో ఉంటుంది, మిగిలిన కార్పొరేషన్లను తీసివేసే అధికారం దాని చేతిలోనే ఉంటుంది. పైకి ప్రజాస్వామ్యంలా, లోపల కంపెనీలా, యుద్ధం వస్తే సైన్యంలా నడుస్తుంది.

2009 ఫిబ్రవరిలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే అలయన్సు ఆ ఆటలో అత్యంత బలమైన వాటిలో ఒకటి. దాని శత్రువు గూన్‌స్వార్మ్. ఏళ్ల తరబడి నౌకలతో కొట్టుకున్నా ఎవరూ ఎవరినీ తుడిచిపెట్టలేకపోయారు. కార్యనిర్వాహక కార్పొరేషన్‌లో డైరెక్టర్ హోదా ఉన్న ఒక మనిషి పక్షం మార్చి, అలయన్సులోని కార్పొరేషన్లన్నింటినీ తీసేసి, అలయన్సును మూసేశాడు. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ పేరును వెంటనే శత్రువులు నమోదు చేసుకున్నారు కాబట్టి వాళ్లు అదే పేరుతో మళ్లీ లేవలేకపోయారు, కొత్త పేరుతో మొదలుపెట్టాల్సి వచ్చింది. భూభాగం మీద హక్కు అలయన్సు పేరు మీద ఉండేది గనుక ఆ కోటలన్నీ కూడా కూలినట్లయింది.

ఇంకో విడ్డూరం వినండి. 2010 ఆరంభంలో గెలిచిన గూన్‌స్వార్మ్‌కు కూడా అదే గతి పట్టింది. ప్రాంతం మీద హక్కు నిలుపుకోవడానికి కట్టాల్సిన సార్వభౌమాధికారపు బిల్లులు కట్టకపోవడంతో డెల్వ్ ప్రాంతం చేజారింది, ఆ తర్వాత వారి సీఈఓయే సభ్యులను బయటకు పంపి ఖజానా ఖాళీ చేశాడు. సభ్యులు చెదిరిపోలేదు. వేరే కార్పొరేషన్ కింద చేరి గూన్‌స్వార్మ్ ఫెడరేషన్‌గా తిరిగి నిలబడ్డారు, ఈనాటికీ ఉన్నారు.

ఆటలో అధికారం హోదాలో ఉండదు, మీటలో ఉంటుంది. సభ్యుడిని తీసేసే మీట, ఖజానా తెరిచే మీట, అలయన్సును మూసే మీట ఎవరి తెర మీద కనిపిస్తాయో ముందు చూసుకోండి. నియమావళి ఎంత గొప్పగా రాసినా అది ఆ మీట మీద వేలు పెట్టినవాడి మనసును బట్టే నడుస్తుంది.

కోనసీమ_క్లాషర్

ఇది మోసం కాదా? కంపెనీ వెనక్కు తిప్పలేదా?

శూన్య_సీమ

తిప్పలేదు. ఆ ఆటలో నమ్మకద్రోహం నియమాలకు విరుద్ధం కాదు. 2009లోనే ఈబ్యాంక్ అని ఆటగాళ్లు నడిపిన బ్యాంకు ఒకటి ఉండేది. దాన్ని నడిపే పెద్దమనిషే ఖాతాదారుల సొమ్ములో 200 బిలియన్ ఐఎస్‌కే (ఆటలోని ద్రవ్యం) ఎత్తుకుపోయి అసలు డబ్బుకు అమ్ముకున్నాడు. కంపెనీ అతడిని వెలివేసింది, అయితే దొంగతనానికి కాదు, ఆటలోని సొమ్మును బయట అమ్మినందుకు. 2017లో సర్కిల్ ఆఫ్ టూ అనే అలయన్సులో దౌత్యాలు చూసే మనిషే అతిపెద్ద కోటను, ఖజానాను అవతలివారి పరం చేశాడు. అప్పుడు శిక్ష పడింది దోచినవాడికి కాదు, కోపంతో, నిజజీవితంలో అతని ఒంటి మీద దెబ్బ పడుతుందని ఆటలోని చాట్‌లో బెదిరింపు రాసిన లీడర్‌కు. కంపెనీ దృష్టిలో ఆటలో జరిగేది రాజకీయం, ఆట బయటకు దూకేది నేరం.

గోదారి_గట్టు

మొత్తానికి చిట్టీలు, బ్యాంకు, దివాలా, పరారీ అన్నీ ఉన్నాయి. మన వార్తాపత్రికల జిల్లా పేజీ లోటు ఒక్కటే మిగిలింది.

కాస్త గంభీరంగా అడుగుతున్నాను. ఇదంతా ఆట కదా, పోతే ఏం పోతుంది? బోనస్ మెడల్స్ కోసం రాజ్యాంగం రాసుకోవడం నాకు అతిగా కనిపిస్తోంది.

సత్తుపల్లి_స్వాతి

ఆటే అయినా అందులో పెట్టిన పొద్దు మన జీవితంలోదే కదండీ. ఇంజనీరింగ్ హాస్టల్లో మేము ట్రావియన్ ఆడేవాళ్లం. 2004లో జర్మనీ నుంచి వచ్చిన బ్రౌజర్ ఆట అది. ఊళ్లు కట్టుకోవడం, పంట పండించడం, పక్కవారి పంట దోచుకోవడం అందులో పని. రాయబార భవనం స్థాయిని బట్టి అలయన్సులో స్థానాలు పెరుగుతాయి, ఎంత పెంచినా 60కి మించి చేరనీయదు. వందలమంది కలవాలంటే పేరు చివర ఒకటి, రెండు అని అంకెలు తగిలించి వేర్వేరు అలయన్సులు పెట్టుకోవాలి, వాటన్నింటికీ పైన బయట ఎక్కడో ఒక సలహా మండలి కూర్చోవాలి. ఆట గుర్తించని ఆ మండలే నిజమైన ప్రభుత్వం.

అందులో నాకు నచ్చిన ఏర్పాటు ఒకటుంది. బిరుదు వేరు, హక్కు వేరు. లీడర్ ఎవరికైనా సేనాధిపతి అనో మంత్రి అనో బిరుదు రాసి, కొత్తవారిని పిలవడం, సభ్యులను తీసేయడం, ఇతర అలయన్సులతో ఒప్పందాలు, అందరికీ ఒకేసారి సందేశం పంపడం అనే హక్కులను విడివిడిగా టిక్కు పెట్టి ఇవ్వవచ్చు. మా అలయన్సులో ఘనమైన బిరుదులున్న అబ్బాయిలు చాలామంది ఉండేవారు. టిక్కులు మాత్రం తక్కువమందికే ఉండేవి. శూన్య_సీమ గారు చెప్పిన మీట సంగతి మాకు అక్కడే అర్థమైంది.

చివరి ఘట్టంలో ప్రపంచ వింత అనే కట్టడాన్ని 100వ స్థాయికి ముందుగా చేర్చిన పక్షం గెలుస్తుంది. కట్టేది ఒక్క ఊళ్లో, పేరు వచ్చేది ఆ ఊరి యజమానికి, ఇటుకలూ ధాన్యమూ పంపేది మిగిలిన వందలమంది. ఆ ఊరు ఎవరికి అప్పగించాలన్న దాని మీద జరిగినంత చర్చ మా కళాశాల ఎన్నికల్లో కూడా జరగలేదు. తెల్లవారుజామున మేలుకుని ఉండగలవాడు, తాను లేనప్పుడు ఖాతా చూసుకునే నమ్మకమైన ఇద్దరు సిట్టర్లు ఉన్నవాడు, మధ్యలో పరీక్షలు లేనివాడు అని వడపోసి, చివరికి ఎవరికీ పెద్దగా నచ్చని ఒక మౌనిని ఎంచుకున్నాం. అతను ఎవరి ముఠాలోనూ లేడు, అదే అతని అర్హత.

రాయలసీమ_రోగ్

స్వాతి గారి మౌని కథ బాగుంది. మా గిల్డుల్లో కూడా లూట్ కౌన్సిల్ పనిచేసిన చోట్లన్నీ ఇలాంటి ముఠా లేని మనిషి ఒకరు తప్పక ఉండేవారు.

పాత_మోడెమ్

ఓటింగ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇంకా వెనక్కు తీసుకుపోతాను. ల్యాంబ్డామూ అనేది బొమ్మలు లేని, అక్షరాలతోనే నడిచే ఉమ్మడి ప్రపంచం. జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో పావెల్ కర్టిస్ దాన్ని 1990లో ప్రారంభించారు. సర్వర్ మీద అధికారం ఉన్నవారిని అక్కడ విజార్డులు అనేవారు. 1992 చివర్లో, సభ్యుల మధ్య తగాదాలు తాము తీర్చబోమనీ, యంత్రం నడిపే పని వరకే చూసుకుంటామనీ వారు ప్రకటించారు. 1993లో ఒక సభ్యుడు ఇతరుల పాత్రలను నియంత్రణలోకి తెచ్చుకుని అందరి ముందూ అసభ్యంగా నడిపించాడు. అతడిని ఏం చేయాలన్న దాని మీద చర్చ జరిగి జరిగి ఏమీ తేలలేదు. చివరికి ఒక విజార్డు తనంతట తానే అతని ఖాతాను తొలగించాడు. ఆ దెబ్బతో వినతిపత్రాలు, సంతకాలు, బ్యాలెట్లు అంటూ పూర్తి ఓటింగ్ వ్యవస్థ పెట్టారు.

1996 నాటికి విజార్డులే మళ్లీ ముందుకొచ్చి, సామాజిక నిర్ణయాలు తాము తీసుకోకుండా ఉండటం అసలు సాధ్యం కాదని ప్రకటించారు. ఓటుతో వచ్చిన ప్రతి తీర్మానాన్నీ అమలు చేయాల్సింది వారే, దాని అర్థమేమిటో తేల్చాల్సిందీ వారే. శూన్య_సీమ గారి మీట సిద్ధాంతం అప్పటికే నిరూపణ అయిపోయింది. మీట పట్టుకున్నవాడు తాను తటస్థుడినని చెప్పుకుంటే అది కూడా ఒక నిర్ణయమే.

ఓరుగల్లు_ఆర్చర్

మీట సిద్ధాంతం సగమే నిజమని నా అభిప్రాయం. గూన్‌స్వార్మ్‌ను మూసేసినా మనుషులు చెదరలేదని శూన్య_సీమ గారే రాశారు. అంటే అలయన్సు ఆటలో లేదు, ఆట బయట ఉన్న వారి చర్చావేదికలో, స్నేహాల్లో ఉంది. మీట నొక్కి తీసేయగలిగింది పేరును మాత్రమే. కోనసీమ_క్లాషర్ గారి విషయంలో కూడా అసలు క్లాన్ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఆ గ్రూపుకు అడ్మిన్ ఎవరో చూడండి.

శూన్య_సీమ

ఒప్పుకుంటాను, అయితే ఆ బయటి బంధానికి కూడా వెల ఉంది. పెద్ద అలయన్సులు మనుషులను పట్టి ఉంచేది స్నేహంతోనే కాదు. అలయన్సు చెప్పిన రకం నౌకను, చెప్పిన అమరికతో, అలయన్సు పిలిచిన యుద్ధానికి తెచ్చి పోగొట్టుకుంటే, ఆ ధ్వంసపు నివేదిక చూపిన మీదట ఖజానా నుంచి పరిహారం ఇస్తారు. పన్ను కట్టించుకునేది అందుకే. కొత్తవారిని చేర్చుకునే ముందు వారి ఖాతాలోని లేఖలు, లావాదేవీలు చదివేందుకు అనుమతి తాళం అడుగుతారు. గూఢచారుల భయంతో పెట్టిన ఈ తనిఖీకి సభ్యులు నోరెత్తకుండా ఒప్పుకుంటారు. అదే పని ప్రభుత్వం చేస్తే ఊరుకుంటామా?

చిన్న గుమస్తా పని ఎంత విలువైనదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2014 జనవరి 27న బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలానికి కట్టాల్సిన సార్వభౌమాధికారపు బిల్లు కట్టలేదు. హక్కు జారిపోగానే అవతలివారు దూకారు. యుద్ధం సుమారు 21 గంటలు సాగింది, టైటాన్ అనే అతిపెద్ద రకం నౌకలు 75 పోయాయి, అసలు డబ్బులో లెక్కవేస్తే ఆ నష్టం 3 లక్షల డాలర్ల దాకా ఉంటుందన్నారు.

గోదారి_గట్టు గారు ఆటే కదా అన్నారు. గూన్‌స్వార్మ్ తరఫున ఏళ్ల తరబడి సంధులు నడిపిన దౌత్యవేత్త షాన్ స్మిత్ నిజజీవితంలో అమెరికా విదేశాంగ శాఖ ఉద్యోగి. 2012 సెప్టెంబరు 11న లిబియాలోని బెంఘాజీలో జరిగిన దాడిలో ఆయన చనిపోయినప్పుడు, ఆటలో ఆయనతో పోరాడిన శత్రు అలయన్సులవారు కూడా తమ కోటలకు ఆయన పేరు పెట్టి నివాళి అర్పించారు.

గోదారి_గట్టు

ఆయన సంగతి నాకు తెలియదు. ఆ మాట వెనక్కు తీసుకోను గానీ, ఇకపై నొక్కి చెప్పను.

మెల్‌బోర్న్_మాంత్రికుడు

మీటల కంటే పెద్ద మీట ఒకటుంది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌ల జాబితాలో క్లాష్ ఆఫ్ కింగ్స్ అనే వేరే ఆట కూడా ఉంది. మా అలయన్సులో నేను ఆస్ట్రేలియాలో ఉన్నాను కాబట్టి మిగిలాను, భారత్‌లోని మిత్రులు వరుసగా మాయమయ్యారు. ఎవరి హోదా ఎవరికి ఇవ్వాలో చెప్పే అవకాశం కూడా చాలామందికి దొరకలేదు. అప్పటి నుంచి నేను ఏ అలయన్సులో చేరినా ముందుగా వారసుడెవరని అడుగుతాను, జనం నన్ను అపశకునపు పక్షిలా చూస్తారు.

ఆ_బావమరిదిని_నేనే

ఈ చర్చ లింకును మా క్లాన్‌వాళ్లే నాకు పంపారు. కోనసీమ అన్నా, నా సంగతి కూడా ఇక్కడివారికి తెలియాలి కదా.

బోనస్ నాకు వచ్చిన మాట నిజం. నక్షత్రాలలో నేను పట్టిక పైన లేని మాటా నిజం. అయితే ప్రతి లీగులో రోజూ 15 మంది జాబితా ఎవరు సరిచేస్తున్నారు? ఎవరు దాడికి సిద్ధంగా ఉన్నారో, ఎవరు ప్రయాణంలో ఉన్నారో కనుక్కుని మార్పులు చేసేది నేను. డల్లాస్‌లో ఉన్నవారు నిద్రలేచేసరికి మనకు సాయంత్రం అవుతుంది, యుద్ధం ముగిసేలోపు వారికి ఫోన్ చేసి గుర్తుచేసేది నేను. దళాలు అడిగితే డొనేషన్ నింపేది, కొత్తవారి బేస్ చూసి మార్పులు చెప్పేది కూడా ఎక్కువగా నేనే. ఇవేవీ వార్ లాగ్‌లో, అంటే యుద్ధాల చిట్టాలో, నక్షత్రాలుగా కనబడవు. బావ ఆ మెడల్స్ ఇచ్చింది బంధుత్వానికి కాదు, ఈ చాకిరీకి. ఆ సంగతి గ్రూపులో చెప్పకుండా దురుసుగా మాట్లాడటం బావ స్వభావం, దానికి నేనేమీ చేయలేను.

నిశి_సంచారి

ఈ చర్చ ఇప్పుడు రక్తి కట్టింది.

లెక్కల_మాస్టారు

ఈ తమ్ముడి వాదనలో బలం ఉంది. మా గిల్డులో కూడా రెయిడ్‌కు మందులు తయారుచేసేవారికి, జట్టు నడిపేవారికి విడిగా పాయింట్లు పెట్టేదాకా ఆ పనులు ఎవరూ చేయలేదు. కానీ మీరు చేసే పనికి ప్రతిఫలం ఉందని ముందే చెప్పి ఉంటే కోనసీమ_క్లాషర్ ఈ చర్చ మొదలుపెట్టేవారే కాదు. ముందు చెప్పి ఇచ్చేది జీతం, తర్వాత ఇచ్చి చెప్పకపోయేది బంధుప్రీతి అనిపించుకుంటుంది.

శూన్య_సీమ

పెద్ద అలయన్సుల లీడర్లలో చాలామంది నౌక ఎక్కేదే తక్కువ. వారి ఆట అంతా సందేశాలు, పట్టికలు, బతిమాలడాలు. ఆ చాకిరీ చేసేవారు అలసిపోతే అలయన్సు యుద్ధంలో ఓడకుండానే కూలుతుంది.

డల్లాస్_పద్మజ

ఫోన్ చేసి లేపేవారికి ఒక బోనస్ తప్పక ఇవ్వాలని డల్లాస్ తరఫున ప్రతిపాదిస్తున్నాను. భారత్‌లో రాత్రి 9:30 అయితే వేసవిలో మాకు ఉదయం 11 గంటలు, ఆఫీసు మీటింగులో దాడి చేయడం ఎంత కష్టమో మీకు తెలియదు.

కోనసీమ_క్లాషర్

తమ్ముడూ, నువ్వు జాబితా సరిచేస్తున్నావని నాకు తెలుసు, దాన్ని నేనెప్పుడూ కాదనలేదు. మరి ఆఫీసు స్నేహితులు ఏ చాకిరీ చేశారో కూడా చెప్పు. కో-లీడర్‌ను దించడం ఏ లెక్కలోకి వస్తుంది?

ఆ_బావమరిదిని_నేనే

ఆఫీసువాళ్ల గురించి నేను మాట్లాడను, అది బావనే అడగాలి. దించిన ఆయన్ని తిరిగి కో-లీడర్‌ను చేయమని నిన్న రాత్రే అడిగాను, ఆలోచిస్తానన్నాడు.

ఓరుగల్లు_ఆర్చర్

ఇద్దరూ ఇక్కడే ఉన్నారు కాబట్టి నా ప్రతిపాదన వినండి. బోనస్‌లలో రెండు నిర్వహణకు కేటాయించి, అవి ఎవరికో లీగ్ మొదలయ్యే ముందే గ్రూపులో రాయండి. మిగిలినవి వార్ లాగ్‌లోని నక్షత్రాల వరుసలో ఇవ్వండి, ఈసారి వచ్చినవారు వచ్చే లీగులో వరుస చివరికి పోవాలి. దాడి చేస్తానని జాబితాలో చేరి చేయనివారికి ఏమీ ఉండదు. కో-లీడర్లు మాత్రం తక్కువమందే ఉండాలి, ఎందుకంటే ఒక కో-లీడర్‌కు కోపం వస్తే ఎల్డర్లను, సభ్యులను ఒక్కొక్కరినీ తీసేసే మీట అతని దగ్గర ఉంటుంది, దాన్ని వెనక్కు తిప్పే మీట ఎవరి దగ్గరా లేదు.

మెల్‌బోర్న్_మాంత్రికుడు

లీడర్ హోదాను ఎవరిదీ కాని ఒక ఉమ్మడి ఐడీలో పెట్టి, పాస్‌వర్డ్ ముగ్గురి దగ్గర ఉంచితే?

సత్తుపల్లి_స్వాతి

ఖాతాను పంచుకోవడం ఆ ఆట షరతులకే విరుద్ధం, నిషేధం పడితే లీడర్ హోదాతో సహా పోతుంది. దాని బదులు ముఠా లేని మౌని ఎవరైనా ఉంటే వెతకండి.

కోనసీమ_క్లాషర్

ఓరుగల్లు_ఆర్చర్ గారి ప్రతిపాదనను ఉన్నది ఉన్నట్లుగా గ్రూపులో పెట్టాను. లీడర్ గారు చూసినట్లు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు ఇంకా రాలేదు. లీగ్ నమోదు ఒకటో తేదీన తెరుచుకుంటుంది. ఈలోపు వరుస చివరికి పోయే నియమం మీద ఒక సందేహం ఉంది. వరుసగా రెండు లీగుల్లో అందరికంటే ఎక్కువ నక్షత్రాలు తెచ్చినవారిని కూడా చివరికి పంపాలా?

రాయలసీమ_రోగ్

పంపకూడదు. అక్కడే వివేచన కావాలని నేను మొదటి నుంచీ చెబుతున్నాను.

లెక్కల_మాస్టారు

పంపాలి. వివేచన అన్న మాట వినబడగానే బావగారు మళ్లీ తయారవుతారు.